వేరే గ్లాసు

అక్కా, నా బంగారూ,

ఏవో సాకులు చెప్పి మీ ఇంటికి రావడం మానేశానని నీకు కోపంగా ఉంది, తెలుసు. ఫోన్లో చెప్పేద్దామనే చేస్తాను. నీ గొంతు వినగానే వంటల సంగతుల్లోకి జారుకుంటాను.

నేను పనిచేసే కాలేజీలో రక్తదాన శిబిరం పెడితే ఉత్సాహంగా వెళ్ళి చెయ్యి చాపాను. కొన్నాళ్ళకి బ్లడ్ బ్యాంకు నుంచి ఒకసారి రమ్మన్నారు. అక్కడి కౌన్సెలర్ నేను కూర్చోకముందే తలుపు దగ్గరగా వేసింది. నా రక్తంలో హెపటైటిస్ బి ఉందట. నమ్మలేక ఇంకోచోట ఇచ్చి చూశాను. అక్కడా అదే మాట. ఇప్పుడే మందులు అక్కర్లేదు గానీ, తరచూ చూపించుకుంటూ ఉండాలన్నారు.

అప్పటినుంచి నాకు కుదురు లేదు. గ్లాసు, కంచం, సబ్బు వేరు చేసుకున్నాను. మా ఆయన చూసి చూసి, "అలిగితే కంచం వేరు పెడతారు గానీ, సబ్బేం చేసింది?" అన్నారు. ఆయన వల్లే వచ్చిందేమోనని లోపల అనుమానం కూడా పడ్డాను, ఎందుకు దాచడం. అదీ చెప్పేశాను. నవ్వలేదు, అరవలేదు. పొద్దున్నే వెళ్ళి పరీక్ష చేయించుకున్నారు. ఆయనకి లేదు. టీకా మొదలుపెట్టారు. గ్లాసుల వల్లా కంచాల వల్లా అంటదని డాక్టరు చెప్పినా, నా చెయ్యి ఇంకా నా గ్లాసునే వెతుక్కుంటోంది.

అసలు సంగతి ఇది. నాకు పుట్టేటప్పుడే అమ్మ నుంచి వచ్చి ఉండొచ్చట. అమ్మ పొట్ట ఉబ్బి, కళ్ళు పచ్చబడి చనిపోయింది కదా. అంటే నీకూ ఉండొచ్చు, నీ కూతురికీ ఉండొచ్చు. అదేమో నెలలు నిండుతున్న మనిషి. తల్లికి ఉందని ముందే తెలిస్తే, బిడ్డని పుట్టగానే టీకాలతో కాపాడుకోవచ్చట. చెబితే దాని అత్తవారింట్లో ఏమనుకుంటారో, చెప్పకపోతే ఏమవుతుందో. రెంటి మధ్యా గింజుకుని గింజుకుని రాస్తున్నాను. ఇద్దరూ పరీక్ష చేయించుకోండి. తర్వాత నన్ను తిట్టుకుందువు గాని.

నీ పిచ్చుక

*

ఒసే పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి వంటింట్లో అలాగే కింద కూర్చుండిపోయాను. నాకు ఉందని నాకు తెలుసే. ఏళ్ళ కిందట పిత్తాశయం ఆపరేషన్‌కి ముందు రక్తం చూసి చెప్పారు. మీ బావకి తప్ప ఎవరికీ చెప్పలేదు. నా స్టీలు గ్లాసు ముట్టనివ్వనని "మహారాణి గారి గ్లాసు" అంటూ ఏడిపించేదానివి చూడు, అది అందుకే. అప్పుడే నీకు చెప్పి ఉంటే నువ్వూ అప్పుడే చూపించుకునేదానివి. ఈ మాట నువ్వు అనకముందే నేనే అంటున్నాను.

నీ ఉత్తరం పట్టుకుని అమ్మాయి ముందు నిలబడ్డాను. అదే లాక్కుని చదివింది. "ఆ పరీక్ష నాకు మూడో నెలలోనే చేశారమ్మా. లేదు" అంది తాపీగా. ఇన్నేళ్ళూ నేను అడగలేక చచ్చిన సంగతి అది.

కాగితం మడిచి, "మరి నువ్వు మళ్ళీ ఎప్పుడు చూపించుకున్నావు?" అంది.

ఒక్కసారీ వెళ్ళలేదే. గ్లాసుకి కాపలా కాయడమే వైద్యమనుకున్నాను.

అమ్మాయే డాక్టరుకి ఫోన్ చేస్తే, గురువారం నన్ను లివర్ స్కానింగ్‌కి రమ్మన్నారు. ఒక్కదాన్నే వెళ్ళలేను. నువ్వు రా. వచ్చేటప్పుడు నీ గ్లాసు తేకు. నాదాంట్లో తాగుదువు గాని.

మీ అక్క