రత్నాలమ్మ నుయ్యి

ఉద్దానం,
9-3-2003

చిరంజీవి తమ్ముడు ఢిల్లీశ్వరరావును దీవించి నీ అప్ప సరోజిని రాసేది. మీ బావ మోకాలి నొప్పినీ, మన ఎర్రావు పొగరునీ పక్కన పెడితే ఇక్కడ అందరం క్షేమం. ఖరగ్‌పూర్‌లో నువ్వు, మరదలు కామేశ్వరి, మేనకోడలు ప్రవల్లిక కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. జీడితోట పూత బాగుంది. తుఫాను తర్వాత నాటిన మొక్కలకు ఇదే తొలికాపు, మంచు దెబ్బ తగలకపోతే చాలు. కొబ్బరి ధర మాత్రం అడక్కు. ఆ మాటెత్తితే మీ బావ కంచం ముందు నుంచి లేచిపోతున్నాడు. ఇల్లరికం వచ్చిన ఇన్నేళ్ళలో అలిగింది కొబ్బరికాయ మీదే పాపం. ఇక "నీళ్ళ కమిటీలో నీకేం పని?" అని వెక్కిరించావు. కమిటీలో ఆడవాళ్ళు ఉండి తీరాలని ఢిల్లీ వాళ్ళే రాశారు నాయనా. పేరులో ఢిల్లీ ఉన్నంత మాత్రాన నువ్వు కాదంటే కుదరదు.

ఆ ఒప్పందం సంగతి నీకు సగమే రాశాను. మంచినీళ్ళ పథకానికి పది పాళ్ళలో తొమ్మిది కేంద్ర ప్రభుత్వం పెట్టుకుంటుంది. పదో పాలు ఊరిది. మన పంచాయతీ దాన్ని రెక్కల కష్టంగా ఇస్తామంది. గొట్టాలు వేసే కాలువ ఇంటింటా పంచుకుని మనమే తవ్వాలి, ట్యాంకు కట్టాక మనమే నడుపుకోవాలి. నీళ్ళు బాగాలేని ఊళ్ళకు ముందు వరస. అందుకని టెక్కలి ఆఫీసు వాళ్ళు సీసా ఇచ్చి, ఊరి పెద్ద నూతి నీళ్ళు పట్టి తెమ్మన్నారు. మన ఊరికి పెద్ద నుయ్యంటే మన పెరటిదే కదా. సీసా నా చేతికి వచ్చింది.

ఆ నుయ్యంటే నాకు అమ్మే. పలాస జీడి కార్ఖానాల నుంచి నడిచొచ్చే ఆడవాళ్ళు గుర్తున్నారా? జీడి చమురుకు వేళ్ళు పొక్కిపోయి చేద తాడు పట్టుకోలేకపోయేవారు. అమ్మే తోడి వాళ్ళ దోసిళ్ళలో పోసేది. "రత్నాలమ్మా, నీ నూతి నీల్లు పాలేనే తల్లీ" అనేవారు. అమ్మ సిగ్గుపడి ఇంకో చేద తోడేది. ఆ చప్టా మీదే నువ్వు జారిపడి ముందు పన్ను విరగ్గొట్టుకుని, పోయిన పన్ను నూతిలో వెతకమని మూడు రోజులు ఏడిచావు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ వెంటనే కళ్ళు నిండుతాయి.

తర్వాత అమ్మకు కాళ్ళు వాచాయి, మొహం వాచింది. విశాఖ తిప్పాం, కిడ్నీలు పోయాయన్నారు, దక్కలేదు. మరుసటేడు అదే జబ్బుతో అప్పలరాజు చిన్నాన్న. వీధిలో ఇంకా ఎందరో. డాక్టర్లు కారణం ఇదీ అని తేల్చలేదు. కొందరు నీళ్ళంటారు, కొందరు కాదంటారు.

మన నూతి నీళ్ళు పరీక్షలో నెగ్గాయని కిందటి ఉత్తరంలో రాశాను. నువ్వు అది ప్రవల్లికకు చదివి వినిపించానని, వేసవిలో తెచ్చి నానమ్మ నూతి నీళ్ళు తాగిస్తానని రాశావు. తమ్ముడూ, అవి మన నూతి నీళ్ళు కావు. టెక్కలి బస్టాండు కొళాయి నీళ్ళు.

బస్సు దిగేవరకు సీసాలో మన నీళ్ళే ఉన్నాయి. అవి చెడ్డవని తేలితే, అమ్మ అన్నేళ్ళు నలుగురికీ తోడి పోసిందేమిటి? ఆ మాట అమ్మ పేరు మీద పడుతుందని భయపడ్డాను. పారబోసి, కడిగి, కొళాయి కింద పట్టాను.

తాగవచ్చని కాగితం వచ్చింది. మన ఊరు వరసలో అడుక్కు పోయింది. సర్పంచి కూర్మనాథం మావ నెత్తి కొట్టుకున్నాడు, నేను నోరు మెదపలేదు. అంతటితో ఆగినా బాగుండేది. నీళ్ళకు భయపడి దూరపు బోరుకు పోతున్నవాళ్ళు కూడా ఆ కాగితం నమ్మి బిందెలతో మళ్ళీ మన పెరట్లోకి వచ్చారు. సింహాచలమ్మ పిన్ని కోడలు దుర్గాదేవికి ఏడో నెల. ఓ పొద్దున బిందె నింపుకుని, "ఆఫీసోల్లే మంచివని రాసినారంట గదా వదినా, నాకు నడక తప్పింది" అని నవ్వింది. బిందె లాక్కుని నేలపాలు చేశాను. పిల్ల బెదిరిపోయింది.

మర్నాడే మావతో చెప్పి ఊరందరినీ పంచాయతీ దగ్గరకు పిలిపించాను. చేసింది చెప్పేశాను.

"ఊరి నోటికాడ కూడు తన్నేసినావు గదే అమ్మీ!" అన్నాడు మావ. వెనక నుంచి ఎవరో "ఆడోల్లని కమిటీల్లో ఎడితే ఇలాగే ఉంటాది" అన్నారు. అంతలో సింహాచలమ్మ పిన్ని లేచింది. ఆ జబ్బుకే అప్పలరాజు చిన్నాన్నను పోగొట్టుకున్న మనిషి, దుమ్మెత్తి పోస్తుందనుకున్నాను.

"ఏటి సేసినావే సరోజినీ? మీ యమ్మా ఆ నీల్లే తాగి పోనాది. తెలిసుంటే తను తాగీదా, మాకు పోసీదా? దాని పేరు నువ్వు దాసక్కర్లేదు. మా కడుపున పుట్టిన గుంటలకి మంచినీల్లు తే."

అక్కడే కూలబడి ఏడ్చాను. అమ్మ పోయిననాడు కూడా అంత ఏడవలేదు.

అందరి ముందూ కొత్త సీసా నింపి, మావా నేనూ టెక్కలి వెళ్ళి, నా తప్పు రాసి సంతకం పెట్టి ఇచ్చాం. తినాల్సిన చీవాట్లు తిన్నాను. తాగడానికి పనికిరావని ఫలితం వచ్చింది. ఊరు మళ్ళీ వరసలోకి వచ్చింది. మొన్న ఒప్పందం మీద సంతకాలయ్యాయి.

నిన్న కాలువ గజాలు పంచారు. మన ఇంటికి ఎనిమిది. నేను పదహారు రాయమన్నాను. "ఆ రెండో ఎనిమిదీ ఎవరి పేరనే?" అన్నాడు మావ. అమ్మ పేరు చెప్పాను. మావ కళ్ళజోడు తుడుచుకుని రాసుకున్నాడు.

మనవి మీ బావా నేనూ తవ్వేస్తాం. అమ్మవి నీకోసం ఉంచాను, సెలవు పెట్టి రా. ప్రవల్లికను కూడా తీసుకురా, దానికి నీళ్ళు నేను బోరు నుంచి మోసుకొస్తాను. అమ్మ గజాలు సింహాచలమ్మ పిన్ని గుమ్మం ముందు పడ్డాయి. నువ్వు వస్తావని చెబితే, అప్పలరాజు చిన్నాన్న పార అటక మీంచి దింపి, తుప్పు వదలగొట్టి, గోడకు ఆనించి పెట్టింది.

ఇట్లు,
నీ అప్ప,
సరోజిని