ఇత్తడి గరాటు

ఉట్నూర్, 1989

లింగారావు బావకు,

ఇంకో నాలుగు గరాట్లు పంపమని రాశావు. బొమ్మ విమానం ఇంజన్ నోటికి తగిలిస్తే గాలి బాగా పీలుస్తోందని, ఇంధనం వెనక్కి చిమ్మడం లేదని హైదరాబాద్‌లో నీ స్నేహితులు కూడా అడుగుతున్నారట. సంతోషమే. కానీ ఇక చేయలేను.

రేకుతో చేసినవి చీలిపోతున్నాయన్నాను కదా. నీకు పంపింది పేలిన తూటా తాలూకు ఖాళీ ఇత్తడి గొట్టం. మా వాగు ఒడ్డున ఇసుకలో దొరికింది. అడుగు కోసేస్తే సన్నటి కొస కార్బురేటర్ మీద చక్కగా కూర్చుంది. ఎవరో వేటకు వచ్చి ఉంటారనుకున్నాను.

తర్వాత పేపర్లో చూశాను. మా పక్కింటి లీలాబాయి కొడుకు ఎక్కడో గుట్టల్లో పోలీసుల ఎదురుకాల్పుల్లో చనిపోయాడట. "మావోడు గా గుట్టల దిక్కే పోలే" అని ఆమె ఇప్పటికీ ఏడుస్తోంది.

నిన్న జీపులో కొందరొచ్చి వాగు ఇసుకంతా జల్లెడ పట్టించారు. వాళ్లలో ఒకాయన నా రేడియో దుకాణంలోకి వచ్చి, వేలాడుతున్న విమానం రెక్కను నిమిరాడు.

"మా పిలగానికి సుత గిసొంటిది కావాలె. ఇంజన్ ఏదీ?"

మా బావ దగ్గరుందన్నాను. అడిగితే నీ చిరునామా కూడా చెప్పాను. అప్పుడు బల్ల మీది ఇత్తడి పొడిని వేలితో తీసి చూశాడు.

"గిది దేనిదే?"

పాత కుళాయిదన్నాను. నవ్వి, చిరునామా రాసుకుని పోయాడు.

బావా, అక్కకు చెప్పకు. ఆ గరాటు వెంటనే విప్పి దాచు. భయపడి పారెయ్యకు. వాగులో ఇక ఒక్కటీ లేదు. లీలాబాయి కొడుకు ఎక్కడ చచ్చిపోయాడో చెప్పేది అదొక్కటే.

నీ బామ్మర్ది