తలుపు లేని ఇంటి తాళంచెవి

అక్కా,

నేను బాగానే ఉన్నాను, అమ్మతో కూడా అదే మాట చెప్పు. నీ దగ్గర ఉంచిన నా గది రెండో తాళంచెవి వెంటనే పంపించు. నా దగ్గరున్నది పోగొట్టుకోలేదు, ఇచ్చేశాను.

పేదవాళ్లకి మా సంస్థ కడుతున్న ఇళ్ల దగ్గర మొన్న ఫోటో తీయించాను. ఇల్లు అందుకుని ఎవరో ఒకరు నవ్వుతూ కనబడితే తప్ప దాతలు కదలరని మా పెద్దాయన నమ్మకం. గోడలు లేచాయి గానీ తలుపులింకా రాలేదు. అలవాటైన చెయ్యి కదా, నా గది తాళంచెవే తీసి, ఫోటో కోసం రప్పించిన, ఆసుపత్రిలో నేల తుడిచే ఒకావిడ చేతిలో పెట్టాను. ఫోటో అదిరింది. తిరిగి అడిగేలోగా ఆవిడ గుప్పిట మూసేసి, "తాళం వేసుకునే ఇల్లు నాకూ వస్తుందనుకోలేదమ్మా" అంది.

లేని ఈతకొలను ఫోటోల్లో చూపించి ఫ్లాట్లు అమ్మే ఉద్యోగం మీద రోత పుట్టి ఇటొచ్చానని బావ దగ్గర గొప్పలు పోయాను. పెనం మీంచి పొయ్యిలో పడ్డానని ఆయనతో అనకు.

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నీళ్ల మోటారు బాగుచేయించారా? నా శాలువా కూడా పంపు, ఆఫీసు బల్ల మీద పడుకుంటే చలేస్తోంది. పిల్లలకి ముద్దులు.

వడ్రంగి పని మానేసి వెళ్లిపోయాడు. ఆవిడ మాత్రం రోజూ వచ్చి, తలుపెప్పుడు పెడతారని తాళంచెవి చూపించి అడుగుతోంది.

నీ చెల్లెలు