షట్టర్ వెనక కునుకు

కూల్చివేత పని చూస్తున్న ఇంజనీరు గారికి,

మీ వాచ్‌మన్ గేటు తీయనంటున్నాడు, చీటీ రాసిస్తే మీకు అందిస్తానన్నాడు. ఈ పాత కాంప్లెక్సులో వాచీలు బాగుచేసే దుకాణం మా మామగారిది. కింద షాపులు, పైన అపార్ట్‌మెంట్లు కట్టి అందులో మాకూ ఒక షాపు ఇస్తామంటే ఖాళీ చేశాం. ఆ సంగతి ఆయనకు గుర్తుండదు. భోంచేయగానే దుకాణానికి వెళ్లి, లోపల్నుంచి షట్టర్ దించుకుని కునుకు తీయడం ఆయన అలవాటు. కాంప్లెక్సు వెనక మెట్ల దారి ఆయనకు కొట్టినపిండి. ఇవాళ తిన్న కంచం ముందు నుంచి లేచి వెళ్లినవారు ఇంట్లో లేరు.

మీ యంత్రం చప్పుడు అప్పుడే మొదలైంది, గేటుకి ఆనించి గబగబా రాస్తున్నాను, రాత బాగాలేకపోతే ఏమనుకోకండి. "లోపలెవరూ లేరమ్మా, షట్టర్లన్నీ తట్టి మరీ చూశాం" అంటున్నాడు మీ వాచ్‌మన్.

అయ్యా, మా మామగారికి చెవులు వినపడవు.

గేటు బయట నిలబడి ఉన్న,
వాచీల షాపాయన కోడలు