డ్రైవర్ గారి ల్యాప్‌టాప్

కాజీపేట,
ఆదివారం, చర్చి నుంచి రాగానే

ప్రియమైన సారమ్మకు,

ఇక్కడ నేనూ, నువ్వు పెట్టిపోయిన చింతకాయ తొక్కూ క్షేమం. తొక్కు మాత్రం రోజురోజుకూ చిక్కిపోతోంది. అక్కడ నువ్వూ, మన ఏంజెల్, పొత్తిళ్ళలోని కొత్త మనవరాలూ, అల్లుడూ, వాళ్ళమ్మగారూ దేవుని కృపలో చల్లగా ఉన్నారని తలుస్తాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. నువ్వు ఫోన్ ఎత్తగానే స్పీకర్ నొక్కుతావు సారమ్మా. మొన్న నడుం పట్టేసింది, ఏం రాసుకోవాలని నేను నిన్నడిగితే వియ్యపురాలు గారు జవాబు చెప్పారు. వెనక నుంచి ఎవరో పక్కింటావిడ ఇంకో మందు పేరు చెప్పింది. ఇలాగైతే మొగుడూ పెళ్ళాం ఒక మాట మాట్లాడుకునేదెట్లా? అందుకే మన గార్డు మల్లికార్జున్ విజయవాడ డ్యూటీకి పోతుంటే ఈ కవరు అతని చేతికిస్తున్నాను. ఒక్కదానివే కూర్చొని చదువు. పైకి చదవకు.

సంగతేమిటంటే, నేనొక ల్యాప్‌టాప్ కొందామనుకుంటున్నాను. కంగారుపడకు, మరీ ఖరీదైనది కాదు, మన బడ్జెట్‌లో వచ్చేదే. ఎందుకంటావా? ఆదివారాలు పాటలు తెర మీద వేసే పని పాస్టరు గారు నాకు అప్పగించారు. అదీగాక రిటైరైన రైలు డ్రైవర్‌కు పెన్షన్ కాగితాలని, కరెంటు బిల్లని, బైబిల్ చదువుకోవడమని సవాలక్ష పనులుంటాయి. ఫోన్‌లో అక్షరాలు చీమల్లా కనిపిస్తున్నాయి.

ఏది కొనాలో తెలుసుకుందామని మా అన్న కొడుకు అభిషేక్ దగ్గరికి పోయాను. మడికొండ ఐటీ పార్కులో పనిచేస్తున్నాడు కదా, వాడికి తెలియందేముంటుంది. కూర్చోగానే "యూజ్ కేస్ ఏంది చిన్నాన్నా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "నా మీద ఏ కేసూ లేదురా. సర్వీసంత ఒక్క చార్జిషీట్ తీసుకోలే" అన్నాను. వాడు నవ్వి, దేనికి వాడతావని అడుగుతున్నానన్నాడు. చర్చి పాటలు, బైబిల్, పెన్షన్ అని చెప్పి, కొంచెం గొంతు తగ్గించి, అప్పుడప్పుడూ ఏదైనా ఒక ఆట అన్నాను. ఏం ఆట అన్నాడు. క్యారమ్స్ అన్నాను. దానికైతే చవకలో వచ్చే మామూలుది చాలన్నాడు. అట్లా కాదు, పెద్ద పెద్ద గేమ్‌లు కూడా నడవాలి, మన ఏంజెల్ పెద్దోడు శామ్యూల్ సెలవులకొస్తే ఆడుకుంటాడన్నాను. శామ్యూల్‌కు ఇంకా ఏ చెప్పు ఏ కాలికో తెలియదని వాడికి తెలుసు. నా మొహంలోకి చూసి నవ్వు ఆపుకున్నాడు.

ఇక వాడు చెప్పడం మొదలుపెట్టాడు. రోజూ సుఖంగా వాడుకోవాలంటే తెర కళ్ళకు గుచ్చుకోకూడదట, మీటలు వేళ్ళకు మెత్తగా తగలాలట, ర్యామ్ దండిగా ఉండాలట. ఆటలకైతే గ్రాఫిక్స్ కార్డ్ అని ఒకటి వేరుగా ఉండాలట. అది ఉంటే ధర పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, లోపలి ఫ్యాన్ మోత పెరుగుతుంది, బ్యాటరీ మాత్రం తగ్గుతుంది. తక్కువలో అన్నీ కావాలంటే ఎక్కడో ఒకచోట రాజీ పడాలన్నాడు. నీతో ఇన్నేళ్ళు కాపురం చేసినవాడికి రాజీ పడడం వాడు నేర్పాలా?

నువ్వు సరేనంటే ఈ వారంలో హన్మకొండ పోయి చూసొస్తాను. మల్లికార్జున్‌తో జవాబు పంపు.

ఇట్లు,
నీ యోసేపు


కాజీపేట,
గురువారం

ప్రియమైన సారమ్మకు,

నీ జవాబు మల్లికార్జున్ నోటితోనే అందింది. వదిన చదివి, మడిచి, కొంగున కట్టుకొని, "ఆయన ఇష్టం" అన్నదని చెప్పాడు. నువ్వు "ఆయన ఇష్టం" అన్నావంటే దానర్థమేమిటో నాకు తెలియదా? అయినా ధైర్యం చేసి నిన్న పోయాను. పోయి పరువు పోగొట్టుకొని వచ్చాను. ఇప్పుడు నీకు నిజం చెప్పక తప్పదు.

ఆ షాపులో స్నేహలత అని ఒకమ్మాయి ఉంది. ఓపిక గల పిల్ల. పేరూ ఫోన్ నంబరూ రాసుకొని, కార్డ్ ఉన్నది చూస్తారా, లేనిది చూస్తారా అని అడిగింది. అభిషేక్ చెప్పిందంతా ఆ క్షణాన ఎటు పోయిందో గాని, పెన్షనర్లకు ఏదో తగ్గింపు ఉన్నట్టుందని సంబరపడి, జేబులోంచి రైల్వే దవాఖాన కార్డు తీసి బల్ల మీద పెట్టాను. ఆ పిల్ల నవ్వలేదు. మర్యాదగా దాన్ని నా వైపు జరిపి, గ్రాఫిక్స్ కార్డ్ సార్ అంది.

కార్డ్ లేనిది పలచగా, చేతికి తేలిగ్గా ఉంది. కార్డ్ ఉన్నది ఇటుక బరువు. ఏ గేమ్ ఆడతారో చెబితే అందులో పెట్టి చూపిస్తానంది. చుట్టూ చూశాను. మన చర్చి వాళ్ళెవరూ లేరు. రైలు నడిపే ఆట అన్నాను.

అదీ సంగతి సారమ్మా. పాటలూ, పెన్షనూ అన్నీ పైపై మాటలు. నాకు బండి నడపాలని ఉంది. కంటి పరీక్షలో ఫెయిలయ్యానని నన్ను ఇంజిన్ మీద నుంచి దింపి ఆఫీసులో కూర్చోబెట్టారు కదా. తోటివాళ్ళందరికీ ఆఖరి ట్రిప్పు రోజు ప్లాట్‌ఫాం మీద దండలు వేశారు, ఇంజిన్ ముందు నిలబెట్టి ఫొటోలు తీశారు. నా ఆఖరి ట్రిప్పు ఏదో నడిపినప్పుడు నాకే తెలియదు. ఏదో బొగ్గు గూడ్సు. మళ్ళీ రేపు ఎక్కుతాను కదా అనుకొని దిగిపోయాను, వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఆ బాధ ఎవరికీ చెప్పుకోలేదు, నీకు కూడా. మొన్నామధ్య ఫోన్‌లో ఈ ఆట కనిపించింది. ఎవరో మన కాజీపేట లైన్‌నే పట్టాలతో, సిగ్నళ్ళతో సహా తయారుచేసి పెట్టారు. చూసినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు.

స్నేహలత ఆట పెట్టింది. ఎదురుగా, బండిని స్టేషన్ నుంచి బయలుదేరమనే స్టార్టర్ సిగ్నల్ పచ్చగా వెలిగింది. చెయ్యెత్తి "ప్రొసీడ్" అని గట్టిగా పలికాను. మా పనిలో ఒక పద్ధతుంది. డ్రైవర్ సిగ్నల్ చూసి పైకి చెప్పాలి. పక్క సీటులోని అసిస్టెంట్ తన కళ్ళతో తానూ చూసి అదే మాట తిరిగి పలకాలి. ఆ మాట వినబడనిదే నా చెయ్యి బండిని కదపదు. నిన్న కూడా కదపలేదు. జవాబు కోసం కూర్చున్నాను. మళ్ళీ "ప్రొసీడ్" అన్నాను. టీవీలు చూడ్డానికొచ్చినవాళ్ళు, వాషింగ్ మెషిన్ బేరమాడేవాళ్ళు నా చుట్టూ మూగారు.

"హ్యాంగ్ అయిందా సార్?" అంది స్నేహలత.

"హ్యాంగ్ కాలేదమ్మా. సిగ్నల్ ఉన్నది. జవాబు రాలే."

"జవాబు ఎవరు చెప్పాలె సార్?"

నా పక్కన ఎవరూ లేరు కదా. ఆ పిల్ల పాపం అంతా ఆపి మళ్ళీ మొదట్నుంచి పెట్టింది. మళ్ళీ అదే స్టేషన్, అదే పచ్చ సిగ్నల్, అదే నేను. వాషింగ్ మెషిన్ ఆయన ఈ మోడల్ అసలు కదలడమే లేదని వాళ్ళావిడతో అంటున్నాడు. నాకు నేనే జవాబు చెప్పుకొని పోనిచ్చేవాణ్ణి, కాని ఆ పచ్చ నిజంగా పచ్చేనా అని అనుమానమొచ్చింది సారమ్మా. పక్కన ఇంకో మనిషి చెప్పకుండా నా కళ్ళను నేను నమ్మలేకపోయాను. లేచి వచ్చేశాను.

కాబట్టి కార్డ్ లేనిదే తీసుకుంటాను. తేలిక, చవక, పాటలకు చాలు. శనివారం పోయి తెస్తాను. ఆట మాట ఇక మరిచిపో. ఇదంతా నీకొక్కదానికే తెలుసు, వియ్యపురాలు గారి చెవిన పడనివ్వకు.

ఇట్లు,
నీ యోసేపు


విజయవాడ,
శుక్రవారం

ఏంజెల్ డాడీకి,

సారమ్మ వందనాలు. ఇక్కడ అందరం బాగున్నాం. పాప పాలు తాగి పడుకుంది కాబట్టి రాయగలుగుతున్నాను. మల్లికార్జున్ ఈ సాయంత్రమే తిరిగి వస్తున్నాడు, మీరు షాపుకు బయలుదేరకముందే ఇది మీ చేతిలో పెట్టమన్నాను.

మీ ఉత్తరం రాకముందే మీ సంగతి ఈ ఇంట్లో అందరికీ తెలుసు. షాపులో ఎవరి నంబరిచ్చారు మీరు? మీ నంబరు మీకెప్పుడు గుర్తుంది గనక, ఎక్కడికి పోయినా నాదే చెబుతారు. బుధవారం సాయంత్రం ఆ స్నేహలత ఫోన్ చేసింది. నేను మామూలుగా స్పీకర్ నొక్కాను. గేమింగ్ ల్యాప్‌టాప్ చూసిన యోసేపు సార్ ఇల్లేనా అని అడిగి, "సార్ రైలు ఆపి అలిగి పోయిండు మేడం, మావల్ల ఏమన్న తప్పయిందా?" అన్నది. మన వియ్యపురాలు వదినగారు పొట్ట పట్టుకొని నవ్వారు. అల్లుడు మర్యాదకు బయటికి పోయి నవ్వాడు. ఏంజెల్ కుట్లు నొప్పెడుతున్నా నవ్వింది. నేనూ నవ్వాను.

పొద్దున మీ ఉత్తరం చదివాక మాత్రం వంటింట్లో కూర్చొని ఏడ్చాను. మిమ్మల్ని ఇంజిన్ మీద నుంచి దింపిన రోజు ఇంటికొచ్చి, టిఫిన్ క్యారియర్ నా చేతికిచ్చి, "రేపటి సంది చిన్న డబ్బ చాలు" అన్నారు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఎప్పుడైనా చెబుతారేమోనని నేను చూస్తూనే ఉన్నాను. అడిగితే ఇంకా బాధపడతారని అడగలేదు. ఆఖరికి మీ నోరు తెరిపించడానికి ఒక వాషింగ్ మెషిన్ల షాపు కావాల్సి వచ్చింది.

ఇప్పుడు నా మాట వినండి. కార్డ్ లేనిది వద్దు. స్నేహలతతో నేను మాట్లాడాను, స్పీకర్ తీసేసే మాట్లాడాను. కార్డ్ ఉన్నదే పక్కన పెట్టమని చెప్పాను. అభిషేక్‌ను కూడా అడిగాను. వేడెక్కుతుంది కాబట్టి మంచం మీద పెట్టి ఆడొద్దు, బల్ల మీదే పెట్టాలన్నాడు. బరువంటారా, దాన్ని నెత్తిన పెట్టుకొని మీరు రఘునాథపల్లి దాకా నడిచేదేమీ లేదు. పాస్టరు గారి పేరు అడ్డం పెట్టుకున్నారు కాబట్టి ఆదివారం పాటలు కూడా మీరే వేయాలి. ప్రార్థన మధ్యలో రైలు కూత వినబడిందా, ఆ పూట మీకు అన్నం లేదు.

ఇక కళ్ళ సంగతి. నా కళ్ళు బాగానే ఉన్నాయి. మల్లికార్జున్‌ను కూర్చోబెట్టి, ఉప్మా పెట్టి, అన్నీ నేర్చుకున్నాను. పచ్చకు ప్రొసీడ్. ఒక పసుపుకు కాషన్. రెండు పసుపులకు అటెన్షన్. ఎర్రదానికి ఏమనాలో నాకెవరూ నేర్పనక్కరలేదు, మిమ్మల్ని ఆపడం నాకు ఎప్పటి నుంచో అలవాటే. పొద్దుటి నుంచి శామ్యూల్ కుర్చీలు వరసగా పెట్టి బండి నడుపుతుంటే పక్కన కూర్చొని చెప్పి చూస్తున్నాను. వాడు మీలాంటివాడు కాదు, జవాబు కోసం ఆగడు.

మీకు గుర్తుందో లేదో, పెళ్ళయిన కొత్తలో మీ ఇంజిన్ ప్లాట్‌ఫాం మీద ఆగి ఉంటే, ఒక్కసారి నన్ను కూడా ఎక్కించుకోండని అడిగాను. మీరు అంత ఎత్తు నుంచి కిందికి వంగి, ఇంజిన్‌లోకి బయటి మనుషులను ఎక్కించకూడదని రూల్ చదివి వినిపించారు. నేను బయటి మనిషినా అని ఆ రోజంతా కుమిలిపోయాను. మళ్ళీ ఎన్నడూ అడగలేదు. వచ్చే నెల నేను ఇంటికొచ్చేసరికి ఆ బల్ల ముందు రెండో కుర్చీ వేసి ఉండాలి. ఈ బండికి ఆ రూల్ లేదట, స్నేహలతను అడిగి కనుక్కున్నాను.

ఇట్లు,
సారమ్మ