దూప లేదన్న అక్కకు

బోధన్ దగ్గర, చెరుకు కాంటా
ఫిబ్రవరి 12, ఆదివారం

పొద్దున మంచు పట్టింది, పదింటికల్లా ఎండ. కుండను పీచుతో తోమాను. కాలువ నీళ్లు నాలుగు మడతల గుడ్డతో వడగట్టి, కాచి, చల్లారాక పోశాను.

రూతక్కకు తమ్ముడు దావీదు వందనాలు. ప్రభువు దయవల్ల నేను బాగున్నాను. అవ్వకు దగ్గు తగ్గిందా? బావ మోకాలు ఎలా ఉంది? నీ ఉత్తరం గురువారం అందింది. రెండుసార్లు చదివాను. ఇది మాత్రం నువ్వు ఒక్కదానివే చదువుకో. ఎప్పటిలా అవ్వ ముందు కూర్చుని పైకి చదవకు.

ఇక్కడ నా పని చెప్పుకోదగ్గదేమీ కాదు. చెరుకు బండి కాంటా ఎక్కుతుంది, తూకం చూసి చిట్టీ రాస్తాను, అది దిగితే ఇంకొకటి ఎక్కుతుంది. పొద్దు గూకేసరికి ఈ ఒళ్లు నాది కాదనిపిస్తుంది. బండ్ల వరస రోడ్డు దాకా ఉంటుంది. నేను లేస్తే వరసంతా ఆగిపోతుంది. కోటగిరి నుంచి వచ్చే బండి తాత గంగారాం నోరు మొదట్లో ఊరుకునేది కాదు.

"ఓ చిట్టీల సారూ, నువ్వు గా చెట్టు సాటుకు పోయొచ్చేసరికి నా ఎడ్లు ముసలివైతయి!"

అందరూ నవ్వేవారు. నాకు సిగ్గేసి ఒక ఉపాయం చేసుకున్నాను. లేవకుండా ఉండాలంటే తాగకుండా ఉండాలి. డ్రమ్ములో పోసే బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, మడ్డి వాసన వస్తాయి. కనుక అదేమంత కష్టం కాలేదు. చాయ్ మీద గడిపాను.

నీకు రాయని సంగతి ఒకటి ఉంది. పోయిన నెల నడుము పక్కన నొప్పి లేచి, కుర్చీలోంచి కింద పడ్డాను. గంగారాం తాత తన వరస పోగొట్టుకుని, దించని చెరుకు మీదే నన్ను పడుకోబెట్టి డాక్టరు దగ్గరికి తోలుకుపోయాడు.

"దినాం ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతవ్?" అన్నాడు డాక్టరు.

"రెండు సార్."

"చాయ్ లెక్క అడుగుతలేను."

"చాయ్ కలిపే చెప్పిన సార్."

ఆయన తల పట్టుకున్నాడు. "రాయి తయారైంది నీ లోపట. నీళ్లు తాగక తెచ్చుకున్నవ్. ఒక్కసారే చెంబెడు గుమ్మరించుడు గాదు, పొద్దటి సంది కొంచెం కొంచెం తాగు. మూత్రం ఆపుకోకు."

చిన్న రాయే, మూత్రంలో పడిపోయింది. ఇప్పుడు నొప్పి లేదు. నిజంగానే లేదు, కంగారు పడకు. ఇప్పుడు నేను లేస్తే తాతే అరుస్తాడు. "ఆగున్రి! ఎడ్లు తాగుతయి, సారు తాగొద్దా?"

ఇదంతా నా గురించి చెప్పడానికి రాయలేదు. నీ ఉత్తరం చివర రెండు వరుసలు ఉన్నాయి. నడుము గుంజుతోందని, మూత్రం మంటగా ఉందని, బీడీలు చుట్టడానికి కూర్చుంటే వచ్చే నొప్పే కనుక ఫికర్ చేయొద్దని రాశావు. అందుకే ఉత్తరం రెండోసారి చదివాను.

చిన్నప్పుడు నేను గ్లాసు తెచ్చి ఇస్తే నువ్వు చేత్తో పక్కకు జరిపేదానివి. "నాకు దూప గాలే తమ్మీ, నువ్వు తాగు" అనేదానివి. ఒళ్లో చాట, చేతిలో ఆకు, తల ఎత్తకుండానే అనేదానివి. మా అక్కకు దాహమే వేయదని ఇన్నేళ్లూ నమ్మాను. పోయిన యేడు స్టీలు బిందె కొనిచ్చి, ఇంట్లో నీళ్లకు లోటు లేకుండా చేశానని సంతోషపడ్డాను కూడా. పగలు తాగితే పగలే లేవాలి. మన ఇంట్లో ఆడవాళ్లు చీకటి పడేదాకా ఎక్కడికి పోతారు? ఈ కుర్చీలో కూర్చుంటే తప్ప నాకు ఆ మాట తోచలేదు. నాకైతే చెట్టు చాటైనా ఉంది.

కనుక ఈ ఉత్తరం అందగానే బావతో ఆసుపత్రికి పో. బావకు వేరే చీటీ పెట్టాను, సిగ్గుపడకు. ఇంటి వెనక కొట్టం పక్కన తడికలు కట్టి ప్రస్తుతానికి చాటు చేయమని రాశాను. చెరుకు సీజన్ అయిపోగానే వస్తాను. మరుగుదొడ్డికి గుంట నేనే తవ్వుతాను, గోడలు లేపి తలుపు పెడదాం. వాకిట్లో గచ్చు వచ్చే యేడు చూసుకుందాం. అవ్వ గచ్చే ముందు కావాలంటుంది. నువ్వు ఆమె మాట విని సరేనని మాత్రం అనకు.

నీళ్లు కాచి తాగు. చాట పక్కన చెంబు పెట్టుకో. నాలుగు కట్టలు చుట్టినప్పుడల్లా నాలుగు గుక్కలు తాగు. బీడీలు తగ్గితే తగ్గనీ.

అవ్వ పాదాలకు మొక్కినట్టు చెప్పు. బావకు నమస్కారం. చర్చిలో పెద్దలకు నా వందనాలు. ప్రార్థనలో నన్ను తలచుకో, నేనూ తలచుకుంటాను.

నీ తమ్ముడు
దావీదు

రోజూ రాసుకునే పుస్తకంలో ఈసారి పేజీ మధ్య గీత గీశాను. ఒక పక్క నాది, ఒక పక్క నీది. ఈ రోజుది ఇక్కడ ఎక్కిస్తున్నాను. నీ పక్క ఖాళీ వదిలాను, ఎన్ని గ్లాసులో నువ్వు రాసి పంపాలి.

ఆదివారం. ఎండ. కుండ కడిగాను. నీళ్లు కాచాను. నావి ఎనిమిది గ్లాసులు. అక్కవి