తెల్లగుడ్డ చూసి వచ్చిన ఓడ

ట్రోమ్సో, 12 మే 1940

ప్రియమైన అమ్మకి,

నార్వే నౌకాదళ చరిత్రలో ఒక మహాఘట్టానికి కారకురాలివైన నీకు ఐలిఫ్ టోపీ తీసి, వంగి రాస్తున్న ఉత్తరం.

మూడు వారాల కిందట నువ్వు మన మేడ కిటికీకి తెల్ల బల్లగుడ్డ కట్టావు. కాఫీ కాగింది, పడవల్లో ఉన్నవాళ్లు ఇళ్లకు రండి అని దాని అర్థం. స్కార్వ్‌నెస్‌లో పాలు తాగే పిల్లకి కూడా తెలిసిన సంగతే. జర్మన్ నిఘా ఓడ కెప్టెన్‌కి మాత్రం తెలియదు పాపం. ఊరు లొంగిపోయిందనుకుని తిన్నగా రేవులోకి వచ్చాడు. పెదర్ మామయ్య వాళ్లు విసిరిన తాడు అందుకుని, అలవాటు కొద్దీ చక్కటి ముడి కూడా వేశాడు. ఆ తర్వాతే మన పద్నాలుగు తుపాకులు బయటికొచ్చాయి.

మా లెఫ్టినెంట్ గారి నివేదికలో దీన్ని ‘పకడ్బందీ వ్యూహం’ అన్నారు. టైపు చేసింది నేనే. బల్లగుడ్డ సంగతి చేర్చబోతే, "నౌకాదళానికి పరువుండక్కర్లేదటయ్యా?" అని కసిరారు.

ఇప్పుడా ఓడ మీద మన జెండా, ముక్కు మీద మన ఊరి పేరు. ఇంజిను గదిలో మీటర్ల మీద రాతలన్నీ జర్మనే. కాలేజీలో ఆ భాష చదివిన పాపానికి, ఆవిరి పెరిగినప్పుడల్లా నన్నే పిలుస్తున్నారు.

వంటింట్లో రాగి కెటిల్ కనబడకపోతే ఇరుగుపొరుగుని అనుమానించకు. అది నౌకాదళంలో చేరింది.

నీ సముద్రవీరుడు,
ఐలిఫ్


స్కార్వ్‌నెస్, 21 మే 1940

ప్రియమైన దొంగవెధవకి,

ఆ కెటిల్ నా పెళ్లిలో మా అమ్మ ఇచ్చింది. అడక్కుండా పట్టుకుపోయేవాణ్ణి ఏమంటారో నీ కాలేజీలో చెప్పలేదా?

ఊళ్లో కొందరు "బోర్గిల్డ్ ముందే లొంగిపోయిందిరోయ్" అని నవ్వుతున్నారు. నేను లొంగలేదు, కాఫీ కాచాను. ఎవరడిగినా అదే చెప్పు. నివేదికలో నా పేరు గానీ పెడితే మీ లెఫ్టినెంట్ చెవి మెలిపెడతానని కూడా చెప్పు.

ఓడకి పేరు మారిస్తే అరిష్టమని మామయ్య పొద్దస్తమానం గొణుగుతున్నాడు. పెట్టింది మన ఊరి పేరేగా, పోనీలే అన్నాను. కానీ ఒకటి విను. ఓడ, కెటిల్, నువ్వు, మూడూ ఈ రేవుకే తిరిగి రావాలి. ఏ ఒక్కటి తగ్గినా కాఫీ పోయను.

మేజోళ్లు ఆరాకే తొడుక్కో.

మీ అమ్మ


సముద్రం మీద, 8 జూన్ 1940

ప్రియమైన అమ్మా,

చేపల పడవలో వెళ్తున్న వాళ్ల చేతికి ఇస్తున్నాను. ఉత్తరాన కూడా యుద్ధం ఆపేస్తున్నారట. ఓడని జర్మన్లకి అప్పగించాలా, సముద్రం దాటించాలా అని లెఫ్టినెంట్ గారు అందరినీ అడిగారు. వంటాయన ముక్కు తుడుచుకుని, "కెటిల్ ఎవరిదో తెలుసు కదండీ? ఆవిడకేం జవాబు చెబుతాం?" అన్నాడు.

పడమటికి పోతున్నాం. మూడూ తెస్తాను.

ఐలిఫ్


(రెడ్‌క్రాస్ ఫారం మీద, మార్చి 1942. ఇరవై ఐదు మాటలు మించరాదు.)

ప్రియమైన అమ్మా, బతికే ఉన్నాను. కెటిల్ క్షేమం. మూతకి సొట్ట పడింది. అరవైముగ్గురు తడిసిన అతిథులు అందులో కాఫీ తాగారు. మామయ్యకి చెప్పు, అరిష్టం ఇంకా రాలేదు. నాకు పెళ్లి కాలేదు. నీ ఐలిఫ్


(అదే ఫారం వెనక, అక్టోబర్ 1942)

ప్రియమైన ఐలిఫ్, సొట్ట నువ్వే పెట్టావని తెలుసు. అతిథులకి పంచదార ఇచ్చావా? కిటికీకి గుడ్డ కట్టడం ఇక్కడ నిషేధం. ఇస్త్రీ చేసి దాచాను. కెటిల్ ముందు. పెళ్లి తర్వాత. అమ్మ


సేదిస్‌ఫ్యోర్ద్, ఐస్‌లాండ్, 20 మే 1945

ప్రియమైన అమ్మా,

యుద్ధం అయిపోయి సెన్సారు వాళ్లు ఇళ్లకి వెళ్లారు కాబట్టి ఇక గొప్పలు చెప్పుకోవచ్చు.

ఐదేళ్లు ఈ ఐస్‌లాండ్ తీరంలో మన ఓడ మందుపాతరలు ఏరింది, సరుకు ఓడలకి కాపలా కాసింది, మునిగినవాళ్లని పైకి లాగింది. రెండువందల పదకొండు మంది. అందరికీ మన కెటిల్ కాఫీయే. పంచదారతోనే. వాళ్లలో నలుగురు జర్మన్ విమానం వాళ్లు. ఒళ్లు కాచుకోమని ఇంజిను గదిలో కూర్చోబెడితే, ఒకడు మీటరు మీద తన భాష చూసి కళ్లు నులుముకున్నాడు. "ఇది మా ఓడా?" అన్నాడు. "కాదు బాబూ, మా అమ్మది" అన్నాను.

వెనక్కి పోతూ జర్మన్లు ఉత్తరాన ఊళ్లన్నీ తగలబెట్టారని కిందటి శీతాకాలమే విన్నాం. స్కార్వ్‌నెస్‌లో చర్చి ఒక్కటే మిగిలిందట. దక్షిణానికి తరలించిన వాళ్ల జాబితాలు మూడు చదివాను. ఒక్కదాంట్లోనూ నీ పేరు లేదు.

జులైలో పిండి, చెక్కలు వేసుకుని ఉత్తరానికి వెళ్లమని మా ఓడకి ఆర్డరు వచ్చింది. అదే దాని ఆఖరి ప్రయాణం. ఈ ఉత్తరం ఏ చిరునామాకి వేయాలో తెలియక మూడు చోట్లకి మూడు ప్రతులు రాస్తున్నాను. చివర్లో జోకు రాద్దామని కూర్చున్నాను. రావడం లేదు.

ఎక్కడున్నావమ్మా?

ఐలిఫ్


స్కార్వ్‌నెస్, 9 జులై 1945

ప్రియమైన ఐలిఫ్‌కి,

ఇక్కడే ఉన్నాను. ఇంకెక్కడుంటాను?

జాబితాలో పేరుండాలంటే జర్మన్ల పడవ ఎక్కాలి. నేనూ మామయ్యా ఎక్కలేదు. కొండ వెనక మట్టి గుడిసెలో శీతాకాలం గడిపాం. ఇల్లు పోయింది, చిమ్నీ నిలబడింది. గిన్నెలన్నీ కరిగి ముద్దయ్యాయి. నువ్వు ఎత్తుకుపోయావు కాబట్టి కెటిల్ ఒక్కటే దక్కింది. నిన్ను దొంగవెధవ అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. వెధవ అన్నది మాత్రం ఉంచుతున్నాను.

ఇప్పుడు నీకొకటి చెప్పాలి. ఆ ఓడ వచ్చిన పొద్దున మన ఇంట్లో కాఫీ లేదు. వారం ముందే అయిపోయింది. ఓడని మీ నాన్న దూరదర్శినితో చూశాను. జెండా ఎవరిదో తెలిసే గుడ్డ కట్టాను. యుద్ధంలో తెల్లగుడ్డ కట్టి మోసం చెయ్యకూడదని మీ లెఫ్టినెంట్ గారికి చదువుల్లో చెప్పే ఉంటారు. నాకెవరూ చెప్పలేదు.

తర్వాత ఊళ్లోకి వచ్చిన జర్మన్ ఆఫీసరు నన్ను రెండుసార్లు పిలిపించి అడిగాడు. "కాఫీ బాబూ, కాఫీ" అంటూ కూర్చున్నాను. మతిలేని మనిషని నవ్వి వదిలేశాడు. నీకు కూడా ఎందుకు చెప్పలేదంటావా? నీ నోట్లో మాట ఏనాడు ఆగింది గనక?

నువ్వు టైపు చేసిన నివేదికలో వ్యూహం అని రాసినది తప్పేం కాదు. ఎవరిదో మాత్రం ఇప్పుడు దిద్దుకో.

రేవుని పేల్చేశారు. అయినా మామయ్య తాడు అందుకోవడానికి రోజూ వెళ్లి ఆ రాళ్ల మీద నిలబడుతున్నాడు. గుడ్డ చిమ్నీకి కట్టాను. రిలీఫ్ వాళ్లు అరకిలో కాఫీ పొడి ఇచ్చారు. కాచడానికి గిన్నె లేక అలాగే ఉంచాను.

గుడ్డ కనబడగానే తిన్నగా వచ్చెయ్యి. ఈసారి నిజంగానే కాఫీకే.

మీ అమ్మ,
బోర్గిల్డ్